పాత కారు అరుదైతే చాలదు.. విలువను తేల్చేది నంబర్లు, పత్రాలే

అమెరికాలోని కాలిఫోర్నియాలో 2018 ఆగస్టులో జరిగిన ఆర్‌ఎం సోథెబీస్ వేలంలో 1962 నాటి ఫెరారీ 250 జీటీఓ కారు 4.84 కోట్ల డాలర్లు పలికింది. ఆ మోడల్‌లో తయారైనవి 36 మాత్రమే. బెంగళూరులోని సిపానీ సంస్థ 1980లలో ఫైబర్‌గ్లాస్ బాడీతో తయారుచేసిన డాల్ఫిన్ కార్లూ నేడు అరుదుగానే కనిపిస్తాయి. అయినా రెండింటి ధరలకు పోలికే లేదు. అరుదైన కారుకు కోరి కొనేవారుండాలి. దాని చరిత్రకు రుజువులుండాలి.

మొదట చూడవలసింది ఏమిటి?

ఛాసిస్, ఇంజిన్ నంబర్లను ముందుగా పరిశీలించాలి. కర్మాగారంలో అమర్చిన ఇంజినే నేటికీ ఉంటే దానిని 'మ్యాచింగ్ నంబర్స్' కారు అంటారు. ఈ నంబర్లను ఆర్‌సీతోనూ, లభిస్తే తయారీ సంస్థ రికార్డులతోనూ సరిపోల్చాలి. ఫెరారీ వంటి కొన్ని సంస్థలు తమ పాత కార్లను పరీక్షించి ధ్రువపత్రాలు ఇస్తున్నాయి. పాత యజమానుల వివరాలు, మరమ్మతుల బిల్లులు భద్రంగా ఉన్న కారును మళ్లీ అమ్మడం తేలిక.

పెయింట్ మెరుపు చాలదు

కొత్త పెయింట్ కింద తుప్పు, పుట్టీ దాగి ఉండవచ్చు. ఉక్కు బాడీపై మెత్తని గుడ్డ చుట్టిన అయస్కాంతం ఆనించినప్పుడు అతుక్కోకపోతే అక్కడ పుట్టీ మందంగా ఉన్నట్లే. అల్యూమినియం, ఫైబర్‌గ్లాస్ బాడీలకు ఈ పరీక్ష పనికిరాదు. తక్కువ సంఖ్యలో తయారైన కార్లకు విడిభాగాల కొరత మరో చిక్కు. ఇంజిన్‌ను నిపుణుడైన మెకానిక్ బాగుచేయగలడు. పగిలిన ముందు అద్దం, పోయిన టెయిల్ ల్యాంప్ మాత్రం ఏళ్ల తరబడి వెతికినా దొరక్కపోవచ్చు. అందుకే అన్ని భాగాలూ ఉన్న పాత కారు, సగం భాగాలు లేని మెరిసే కారు కంటే మేలు.

భారత్‌లో నిబంధన

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2021 జులైలో ప్రకటించిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన వ్యక్తిగత వాహనాలను 'వింటేజ్'గా నమోదు చేయించుకోవచ్చు. ఫీజు రూ.20,000, గడువు 10 ఏళ్లు. నంబర్ ప్లేటుపై రాష్ట్ర కోడ్ తర్వాత 'వీఏ' అక్షరాలు ఉంటాయి. వాహనాన్ని రోజువారీ ప్రయాణాలకు, వాణిజ్య అవసరాలకు వాడకూడదు.

ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లలో గణనీయమైన మార్పులు చేసి ఉండకూడదన్నది ఇందులో కీలక షరతు. ఇంధనం ఆదా కోసం ఒకప్పుడు పెట్రోల్ ఇంజిన్ తీసి డీజిల్ ఇంజిన్ బిగించిన కారుకు ఇక్కడే చిక్కు వస్తుంది. కాబట్టి బేరం కుదుర్చుకునే ముందే నంబర్లు సరిచూసుకోవాలి.