పెరటి కోళ్ళకు పన్నెండు నెలల ప్రణాళిక

మదీనాగూడ అనగానే ఈ రోజులలో అందరికి ముంబాయి రహదారి, మియాపూర్ మెట్రో, ఆకాశమునంటు అపార్ట్‌మెంట్లు గుర్తుకు వచ్చును. అయినను ఆ అపార్ట్‌మెంట్ల వెనుక సందులలో రేకుల ఇండ్లు, రెండు గదుల ఇండ్లు ఇంకను కలవు. హైటెక్ సిటీలో కార్యాలయములు శుభ్రము చేయువారు, గేటు కాయువారు, క్యాబ్ నడుపువారు అనేకులు ఆ ఇండ్లలోనే కాపురముందురు. కొన్నిటి వెనుక పెరడు అనదగిన కొంచెము నేల మిగిలియున్నది. అక్కడ నాలుగు కోళ్ళు తిరుగుట చూచినప్పుడు నా మనస్సునకు సంతోషము కలుగును.

మా సంఘములోని ఒక సహోదరి కుట్టుపని చేయును. భర్త రాత్రి కాపలా ఉద్యోగి. గడచిన సంవత్సరము ఆమె ఏప్రిల్ నెలలో వీధిలో తిరిగి అమ్మువాని యొద్ద ఇరువది కోడిపిల్లలను కొన్నది. ఎండకు కొన్ని, తెగులుకు కొన్ని, పిల్లికి కొన్ని పోయి, ఆగస్టు నాటికి రెండు పుంజులు మాత్రమే మిగిలెను. పోయిన డబ్బు కూతురి కాలేజీ ఫీజులో నుండి తీసినది. "అయ్యగారూ, కోళ్ళు మాకు అచ్చిరావు" అని ఆమె కన్నీళ్ళతో చెప్పినది. అచ్చిరాకపోవుట ఏమియు లేదు. ఏ నెలలో ఏమి చేయవలెనో ముందుగా వ్రాసికొనలేదు, అంతే. ఆమెతో కూర్చుండి క్యాలెండరు మీద వేసిన లెక్కనే ఇక్కడ విపులముగా వ్రాయుచున్నాను. పెరడు ఉన్న మన పాఠకులందరికి ఉపయోగపడునని నా నమ్మకము.

మొదట సంఖ్య. ఎన్ని కోళ్ళు కావలెనని కాక, ఎక్కువ రద్దీగా ఉండు నెలలో ఎన్ని పట్టునని అడుగవలెను. ఆమె పెరడు 15 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు. అనగా 180 చదరపు అడుగులు. పెద్ద పెట్టలు 12 ఉంచుకొని, ప్రతి సంవత్సరము 14 పిల్లలను తెచ్చి పెంచినచో జూన్, జూలై నెలలలో చిన్నవి పెద్దవి కలిసి 25 వరకు ఉండును. ఒక్కొక్కదానికి 7 చదరపు అడుగులు వచ్చును. ఇది చాలును. దీనికి మించినచో ఒకదానినొకటి పొడుచుకొనుట, వాసన, పొరుగువారి ఫిర్యాదులు తప్పవు. అద్దె ఇల్లయినచో ఇంటి యజమానితో ముందే మాటాడుట మంచిది.

ఇక జాతి. మన నాటుకోడి సంవత్సరమునకు 50, 60 గుడ్లకు మించి పెట్టదు. కాని తానే పొదిగి, తానే పిల్లలను కాపాడుకొనును. గుడ్ల కొరకు పెంచువారికి గ్రామప్రియ, గుడ్లు మాంసము రెండును కావలసినవారికి వనరాజా తగినవి. ఈ రెండును మన రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థలో రూపొందినవే. కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ పరిశోధన మండలి 1988లో నెలకొల్పిన సంస్థ అది. దేశమంతట పెరళ్ళలో తిరుగు ఈ కోళ్ళ పుట్టినిల్లు మనకు గచ్చిబౌలి మీదుగా పోయిన గంట ప్రయాణము కూడ ఉండదు. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల వారి రాజశ్రీ అను జాతి కూడ కలదు. అయితే ఈ మేలుజాతుల గుడ్లను పొదిగించి సంతతి తీయవలెనని ఆశపడకూడదు. తల్లి గుణములు పిల్లలకు సరిగా రావు. ప్రతిసారి క్రొత్త పిల్లలనే తెచ్చుకొనవలెను.

గ్రామప్రియ పెరటిలో 160 వరకు గుడ్లు పెట్టునని చెప్పుదురు. ఇంటి లెక్కకు 140 వేసికొనుడి. 12 పెట్టలకు సంవత్సరమునకు 1680, అనగా నెలకు 140 గుడ్లు. నలుగురున్న ఇంటికి నెలకు 60 ఉంచుకొన్నను 80 అమ్మవచ్చును. మన ప్రాంతములో ఇంటి గుడ్డుకు ఫారం గుడ్డుకంటె రెట్టింపు ధర ఇచ్చి కొనువారు అపార్ట్‌మెంట్లలోనే ఉన్నారు. దాణా ఖర్చును మరువవద్దు. పెట్టకు రోజుకు 100 గ్రాములు చొప్పున 12 పెట్టలకు నెలకు 36 కిలోలు. ఆకుకూరల కాడలు, మునగాకు, మిగిలిన అన్నము, పెరటిలోని పురుగులు కలిపి ఇందులో నాలుగవ వంతు తగ్గించవచ్చును. పల్లెలో వలె కోడి తన మేత తానే వెదకుకొనునని మదీనాగూడలో అనుకొనుట వట్టి మాట. సిమెంటు నేల మీద పురుగులు ఎక్కడివి? ఒక హెచ్చరిక: ఊరగాయ ముక్కలు, ఉప్పు ఎక్కువైన కూరలు వేయకూడదు.

పిల్లలను ఎప్పుడు తేవలెను? ప్రణాళిక అంతయు ఈ ఒక్క ప్రశ్న మీద ఆధారపడును. నా సలహా ఫిబ్రవరి రెండవ వారము. ఆ దినములలో చలి తగ్గుచుండును, ఎండ ముదరదు, వానలు లేవు. టీకాలన్నియు ఏప్రిల్ నెల మధ్యకు పూర్తియగును. ఎండలు మండునాటికి వాటికి ఈకలు నిండి మూడు నెలల వయస్సు వచ్చును. గ్రామప్రియ సుమారు 160 రోజులకు గుడ్డు పెట్టును గనుక జూలై చివరకో ఆగస్టులోనో మొదటి గుడ్డు చేతికి వచ్చును. అక్కడనుండి క్రిస్మస్ వరకు గుడ్లకు గిరాకి పెరుగుచుండును. చలికాలములో గుడ్ల ధర ఎక్కువ, వేసవిలో తక్కువ అను సంగతి పత్రికలలో గుడ్ల ధరలు చూచువారికి తెలిసినదే. (ఆ ధరలను ప్రకటించు జాతీయ గుడ్ల సమన్వయ సంఘము 1982లో ఏర్పడినది. దానికి మూలపురుషుడు మన తెలుగువాడైన బి.వి. రావుగారే. 1971లో ఆయన వేంకటేశ్వర హేచరీస్‌ను ఆరంభించినది మన హైదరాబాదులోనే.)

పిల్లలు వచ్చిన మొదటి వారము వాటికి 35 డిగ్రీల వెచ్చదనము కావలెను. తరువాత వారమునకు 3 డిగ్రీల చొప్పున తగ్గించుచు రావలెను. ఇక్కడ ఈ కాలపు చిక్కు ఒకటి కలదు. ఇండ్లలో ఇప్పుడున్న ఎల్.ఇ.డి. బల్బులు వెలుగునిచ్చును గాని వేడినియ్యవు. పాతకాలపు తీగ బల్బు 60 వాట్లది వెదకి తెచ్చుకొనవలెను. థర్మామీటరు లేకపోయినను పిల్లలే చెప్పును: బల్బు క్రింద గుంపుగా కూడినచో చలి, దూరముగా పోయి నోరు తెరచినచో వేడి, అంతట తిరుగుచు మేసినచో అంతయు సరిగా ఉన్నట్లు. నేలమీద వరిపొట్టు పరచి, మొదటి రెండు మూడు రోజులు దానిపై కాగితములు వేయవలెను. ఎనిమిది వారముల వరకు పిల్లల దాణా, తరువాత ఎదుగు కోళ్ళ దాణా, గుడ్లకు వచ్చినప్పుడే గుడ్ల కోళ్ళ దాణా. గుడ్ల దాణాలో సున్నము ఎక్కువ గనుక చిన్నవాటికి పెట్టినచో మూత్రపిండములు చెడును.

టీకాల విషయములో సోమరితనము పనికిరాదు. ఆ సహోదరి పిల్లలలో సగము కొక్కెర తెగులుతోనే పోయినవని నా అభిప్రాయము. హేచరీలో మొదటి రోజే మారెక్స్ టీకా వేయుదురు. వేసినారా అని అడిగి తెలిసికొనుడి. మొదటి వారములో లసోటా చుక్క కంటిలో, 14వ రోజున గంబోరో చుక్క, నాలుగవ వారములో మరల లసోటా, ఎనిమిది తొమ్మిది వారములకు ఆర్.2.బి. సూది. మశూచి టీకా ఎప్పుడని పశువైద్యుని అడుగవలెను. చిక్కేమనగా, టీకా సీసా వంద కోళ్ళకో అంతకు ఎక్కువకో సరిపడునట్లు వచ్చును. కలిపిన తరువాత గంట రెండు గంటలలో వాడవలెను, మిగిలినది పారవేయవలెను. పది కోళ్ళున్న ఇంటికి అది భారము. అందుచేత ఐదారు ఇండ్లవారు ఒకే వారములో పిల్లలను తెచ్చుకొని, ఒకే ఉదయము ఒకే సీసాతో టీకాలు వేయించుకొనుట తెలివైన పని. సీసాను మంచుగడ్డల మధ్యనే తేవలెను. ఎండలో సంచిలో వేసికొని తెచ్చిన టీకా నీళ్ళతో సమానము.

ఏప్రిల్, మే నెలలు పెద్ద పెట్టలకు కష్టకాలము. కోడికి చెమట పట్టదు. నోరు తెరచి రొప్పుట వలననే వేడిని పోగొట్టుకొనును. మన ఊరిలో ఎండ 40 డిగ్రీలు దాటినప్పుడు మేత తగ్గును, గుడ్డు చిన్నదగును, పెంకు పలుచనగును. మామూలు రోజులలో పావు లీటరు నీరు త్రాగు కోడికి అప్పుడు దానికి రెట్టింపు కావలెను. రేకుల గూడయినచో పైన గడ్డి పరచి తడుపవలెను, ప్రక్కలకు తడి గోనెపట్టాలు కట్టవలెను. మేత తెల్లవారుజామున, సాయంత్రము చల్లబడిన తరువాత. మధ్యాహ్నము నీరు మాత్రమే. డాబా మీద కోళ్ళు పెంచుదుమని కొందరు అడుగుచున్నారు. మే నెల మధ్యాహ్నము చెప్పులు లేకుండ ఆ డాబా మీద ఒక నిమిషము నిలువబడి చూడుడని వారితో చెప్పుచుందును.

మృగశిర కార్తె రాగానే పని మారును. తడిసిన పొట్టులో రక్త పారుడు రోగము, నులిపురుగులు పుట్టును. మే చివరి వారములోనే పాత పొట్టు తీసివేసి, నేలకు సున్నము చల్లి, క్రొత్త పొట్టు వేసి, పశువైద్యుని అడిగి నులిపురుగుల మందు త్రాగించవలెను. తీసిన పొట్టు, రెట్ట వెంటనే మొక్కలకు వేసినచో వేళ్ళు మాడును. రెండు నెలలు కుప్పవేసి మాగనియ్యుడి. వానకాలములో దాణా పదిహేను రోజులకు మించి కొనవద్దు. బూజు పట్టిన మొక్కజొన్న కోళ్ళకు విషమే. చవుకగా వచ్చినదని తెచ్చిన ఒక్క బస్తాతో గూడంతయు ఖాళీయైన ఇండ్లు కలవు.

ఈ వేళకు పుంజులు బలిసియుండును. తెచ్చిన పిల్లలలో సగము పుంజులే అగునని ముందే లెక్కవేసికొనవలెను. ఆషాఢములో బోనాల రోజులలో జంటనగరములలో పుంజులకు మంచి ధర పలుకును. శ్రావణము రాగానే పడిపోవును. కనుక జూలైలో అమ్మవలసినవి అమ్మి, క్రిస్మస్ విందుకు ఒకటి రెండు ఉంచుకొనిన చాలును. పుంజు లేకపోయినను పెట్టలు గుడ్లు పెట్టును. తినుటకు ఆ గుడ్లు ఏమాత్రము తక్కువ కావు. కోడికూత పేతురుకు కన్నీళ్ళు తెప్పించెను. మదీనాగూడలో రాత్రంతయు కంప్యూటరు ముందు పనిచేసి తెల్లవారి పండుకొను పొరుగింటి యువకునికి కోపము తెప్పించును. క్రిస్మస్‌కు ఉంచినదానిని రాత్రి చీకటి పెట్టెలో మూయుడి.

అక్టోబరు నుండి పగటివేళ తగ్గును. డిసెంబరులో మనకు పగలు సుమారు 11 గంటలే. గుడ్డు నిలకడగా పెట్టుటకు కోడికి 14 గంటల వెలుగు కావలెను. గుడ్లు మొదలైన పెట్టల గూటిలో తెల్లవారుజామున బల్బు వెలిగించి, వారమునకు అరగంట చొప్పున పెంచవలెను. దీనికి ఎల్.ఇ.డి. బల్బు చక్కగా సరిపోవును.

పక్షుల ఫ్లూ సంగతి కూడ చెప్పవలెను. 2015లో హయత్‌నగర్ మండలములోని తొర్రూరులో అది వచ్చెను. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో లక్షల కోళ్ళు పోయినవి. అదే నెలలో చౌటుప్పల్ మండలము నేలపట్లలోను, ఏప్రిల్‌లో అబ్దుల్లాపూర్‌మెట్‌లోను అది బయటపడెను. దానికి చికిత్స లేదు. అడవి పక్షులు మేతలో, నీటిలో నోరు పెట్టకుండ పైన వల కట్టవలెను; సంతలో పెద్ద కోళ్ళను కొని మందలో కలుపకూడదు. ఒకేసారి నాలుగైదు చనిపోయినచో కోసికొని తినక, కాలువలో పారవేయక, చేతితో ముట్టక, పశువైద్యశాలకు కబురు చేయవలెను. మన పిల్లల ఆరోగ్యము అందులో ఇమిడియున్నది. బాగుగా ఉడికిన గుడ్డుకు, మాంసమునకు భయము లేదు.

చివరిది, మనస్సునకు కష్టమైనది, ముసలి పెట్టల సంగతి. రెండవ సంవత్సరము అక్టోబరు ప్రాంతములో పెట్ట ఈకలు రాల్చి రెండు నెలలు గుడ్డు మానును. అది రోగము కాదు. ఆ లోటును ఆ సంవత్సరము ఫిబ్రవరిలో తెచ్చిన చిన్న పెట్టలు తీర్చును. ప్రతి సంవత్సరము తెమ్మనుటకు కారణము అదే. ఈకలు వచ్చిన తరువాత అది మరల పెట్టును, నాలుగవ వంతు తక్కువగా. మూడవ సంవత్సరము అక్టోబరులో అమ్మివేయవలెను, లేనిచో దాని మేత ఖర్చు మిగిలినవాటి గుడ్లను తినివేయును. ఇది విని ఆ సహోదరి చిన్న కుమారుడు, "నా లచ్చిని అమ్మొద్దు" అని ఏడ్చినాడు. తల్లి చాలసేపు ఆలోచించి, "ఆరింటిలో ఒకటి ఉంచుతా, అయ్యగారూ. దాని మేత ఖర్చు కూడ పుస్తకంలో రాసుకుంటా" అన్నది. ఆ ఖర్చును నేను కొట్టివేయలేదు.

రాజేంద్రనగర్‌లో పిల్లలు అడిగిన రోజే దొరకవు, ముందుగా పేరు వ్రాయించుకొనవలెను. ఫిబ్రవరి పిల్లల కొరకు ఆమె, ప్రక్క సందులోని మరి నలుగురు స్త్రీలు నవంబరులోనే కలిసి వెళ్ళి వ్రాయించుకొనుటకు నిశ్చయించుకొనిరి. పిల్లికి అడ్డముగా గూటికి సన్నకన్నుల ఇనుప వల, పందికొక్కులు త్రవ్వకుండ నేలలో అడుగు లోతు వరకు దింపి, భర్త డిసెంబరు సెలవులలో కొట్టవలెను.