స్ట్రిక్‌లాండ్ ఐదు, షేన్ ఐదు: ఆరో యూఎస్ ఓపెన్ వస్తుందా?

ఇవాళ్టి ఎపిసోడ్‌లో పూల్ గురించి మాట్లాడుకుందాం. పూల్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది ఫోన్‌లో ఆడే 8 బాల్ పూల్. బస్సులో, హాస్టల్‌లో, క్లాసు అయ్యాక... ఎక్కడో ఒకచోట ఆడే ఉంటారు. కానీ ప్రపంచ స్థాయిలో పెద్ద పేరున్న ఆట నైన్ బాల్. ఆ నైన్ బాల్‌లో ఎన్నో ఏళ్లుగా ఒక ప్రశ్న అలాగే నిలబడి ఉంది. యూఎస్ ఓపెన్ టైటిల్స్‌లో ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ రికార్డును షేన్ వాన్ బోనింగ్ దాటగలడా?

రికార్డు ఎంత అంటే, ఐదు. షేన్ దగ్గర ఎన్ని ఉన్నాయంటే, అవీ ఐదే! అంటే సమానం చేసేశాడు, దాటడమే మిగిలింది. ఒక్కటి కొడితే చాలు. ఆ ఒక్కటే 2016 నుంచి రావడం లేదు. ఎందుకు రావడం లేదు, ఇక ముందైనా వస్తుందా, ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు ఆట ఏంటో రెండు ముక్కల్లో

నైన్ బాల్‌లో 1 నుంచి 9 వరకూ నంబర్లున్న బంతులు ఉంటాయి. టేబుల్ మీద ఉన్నవాటిలో అతి చిన్న నంబరు బంతికే తెల్ల బంతి ముందు తగలాలి. ఏ బంతి పాకెట్‌లో పడినా ఫర్వాలేదు, కానీ చివరికి 9ని ఎవరు వేస్తే ఆ రాక్ వాళ్లదే. అంటే మొదటి ఎనిమిది మీరు వేసి, తొమ్మిదోది నేను వేస్తే గేమ్ నాది. ఘోరం కదా? అందుకే ఇందులో ఎవరూ నిశ్చింతగా కూర్చోలేరు. ఫౌల్ చేస్తే అవతలి వాడు తెల్ల బంతిని చేత్తో తీసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకుంటాడు. మీ ఫోన్ గేమ్‌లో లాగే అన్నమాట.

క్యారమ్స్ ఆడినవాళ్లకు బ్రేక్ విలువ తెలుసు. నైన్ బాల్‌లో అది ఇంకా ఎక్కువ. బ్రేక్ కొట్టినప్పుడు ఒక బంతి పడి, మిగతావి చక్కగా విడిపోతే, మంచి ఆటగాడు అక్కణ్నుంచి మొత్తం టేబుల్ ఊడ్చేస్తాడు. అవతలి వాడు కుర్చీలో కూర్చుని చూడాల్సిందే. ఈ బ్రేక్ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

ఎవరీ స్ట్రిక్‌లాండ్?

ఎర్ల్ స్ట్రిక్‌లాండ్ 1961లో అమెరికాలోని నార్త్ కరోలినాలో పుట్టాడు. ముద్దు పేరు 'ద పెర్ల్'. కోపం ఎక్కువ, నోరు ఎక్కువ, ఆట అంతకంటే ఎక్కువ. 1984, 1987, 1993, 1997, 2000... ఈ ఐదు సంవత్సరాల్లో యూఎస్ ఓపెన్ గెలిచాడు. ప్రపంచ నైన్ బాల్ టైటిల్ 1990, 1991, 2002లో, మొత్తం మూడుసార్లు కొట్టాడు.

ఆయన గురించి ఒక కథ చెప్పకపోతే ఈ ఎపిసోడ్ పూర్తి కాదు. 1996లో డాలస్‌లో ఒక టోర్నమెంట్. వరుసగా పది రాక్‌లు బ్రేక్ చేసి, అవతలి వాడికి చాన్స్ ఇవ్వకుండా ఊడ్చేస్తే పది లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించారు. ఎవరి వల్లా కాదులే అనుకుని ఉంటారు. మనవాడు పది కాదు, పదకొండు ఊడ్చేశాడు! ఆ డబ్బు కోసం ఇన్సూరెన్స్ వాళ్లతో గొడవై, చివరికి రాజీతో ముగిసింది. షేన్ పోటీ పడుతున్నది ఇలాంటి మనిషి రికార్డుతో.

షేన్ లెక్క చూద్దాం

షేన్ వాన్ బోనింగ్ 1983లో సౌత్ డకోటాలోని ర్యాపిడ్ సిటీలో పుట్టాడు. పుట్టుకతోనే వినికిడి సమస్య, హియరింగ్ ఎయిడ్స్ పెట్టుకుంటాడు. ఇంట్లోనే పూల్ వాతావరణం. తాతకి పూల్ హాల్ ఉండేది, అమ్మ, పిన్ని వరస ఆవిడ కూడా ఆడేవాళ్లు. 24 ఏళ్లకే, అంటే 2007లో మొదటి యూఎస్ ఓపెన్ కొట్టాడు. తర్వాత 2012, 2013, 2014 వరుసగా మూడు. మళ్లీ 2016లో ఒకటి.

ఇప్పుడు ఇద్దర్నీ పక్కపక్కన పెట్టండి. స్ట్రిక్‌లాండ్‌కి మొదటి టైటిల్ నుంచి ఐదో టైటిల్‌కి 16 ఏళ్లు పట్టింది. షేన్‌కి తొమ్మిదేళ్లు చాలు. స్ట్రిక్‌లాండ్ ఐదోది గెలిచినప్పుడు వయసు 39. షేన్ వయసు అప్పటికి 33. కాబట్టి 2016లో ఎవర్ని అడిగినా 'ఆరోది వచ్చే ఏడాదే' అనేవాళ్లు. సచిన్ వంద సెంచరీల రికార్డును కోహ్లీ దాటేస్తాడని ఒకప్పుడు మనం ఎంత ధీమాగా మాట్లాడుకున్నామో, అలాగన్నమాట.

మరి ఏమైంది? 2017లో స్కాట్లాండ్‌కి చెందిన జేసన్ షా గెలిచాడు. 2018లో అసలు టోర్నమెంటే జరగలేదు. 1976లో దీన్ని మొదలుపెట్టి నడిపిన బ్యారీ బెర్మన్ 2016లో చనిపోయారు, ఆ తర్వాత మ్యాచ్‌రూమ్ సంస్థ దీన్ని తీసుకుని 2019లో లాస్ వేగాస్‌లో పెట్టింది. ఆ ఏడాది జర్మనీ కుర్రాడు జోషువా ఫిలర్ గెలిచాడు. 2020లో కోవిడ్ వల్ల రద్దు. 2021లో ఫిలిప్పీన్స్‌కి చెందిన కార్లో బియాడో, 2022లో స్పెయిన్‌కి చెందిన ఫ్రాన్సిస్కో సాంచెజ్ రూయిజ్. మంచి ఫామ్‌లో ఉన్న వయసులో షేన్‌కి రెండు యూఎస్ ఓపెన్లు అసలు ఆడకుండానే పోయాయి. ఇది అదృష్టం లెక్క, ఆట లెక్క కాదు.

షేన్ ఆట పడిపోయిందా?

లేదండీ. ఇక్కడే చాలామంది పొరబడతారు. 2015లో, 2016లో వరుసగా రెండుసార్లు ప్రపంచ ఫైనల్లో ఓడిన మనిషి, 2022లో ఇంగ్లండ్‌లోని మిల్టన్ కీన్స్‌లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. ఫైనల్లో ఎవర్ని ఓడించాడో తెలుసా? 2016 ఫైనల్లో తనను ఓడించిన ఆల్బిన్ ఔషాన్‌నే. స్కోరు 13-6. అప్పటికి షేన్ వయసు 38.

వయసు సంగతి కూడా చెప్పుకుందాం. పూల్ ఫుట్‌బాల్ కాదు. స్ట్రిక్‌లాండ్ మూడో ప్రపంచ టైటిల్ గెలిచింది 41 ఏళ్లకి. ఫిలిప్పీన్స్ మాంత్రికుడు ఎఫ్రెన్ రేయస్ 1999లో ప్రపంచ నైన్ బాల్ గెలిచినప్పుడు ఆయన వయసు 44. దాదాపు 50 ఏళ్ల వయసులో ప్రపంచ ఎయిట్ బాల్ గెలిచాడు. కాబట్టి 'నలభై దాటాయి, ఇక అయిపోయింది' అనడం తప్పు.

మరి అసలు సమస్య ఎక్కడ?

మూడు చోట్ల ఉంది.

ఒకటి, జనం. ఇప్పుడు యూఎస్ ఓపెన్‌లో 256 మంది ఆడుతున్నారు. స్ట్రిక్‌లాండ్ మొదటి టైటిళ్ల కాలంలో ఇది దాదాపు అమెరికా వాళ్ల ఇంటి పండగ. మైక్ సీగల్, నిక్ వార్నర్, బడ్డీ హాల్... గెలిచినవాళ్లంతా అక్కడివాళ్లే. బయటి దేశం ఆటగాడు మొదటిసారి గెలిచింది 1994లో, అదీ ఎఫ్రెన్ రేయస్. షేన్ కాలానికి వచ్చేసరికి సీన్ మారిపోయింది. 2007 నుంచి 2016 వరకూ పది టోర్నమెంట్లు జరిగితే ఐదు షేన్‌వి. మిగతా ఐదు ఫిన్‌లాండ్‌కి చెందిన మికా ఇమ్మోనెన్ రెండు, ఇంగ్లండ్‌కి చెందిన డారెన్ యాపిల్టన్ రెండు, తైవాన్‌కి చెందిన చెంగ్ యు-సువాన్ ఒకటి. షేన్ తప్ప ఇంకో అమెరికన్ లేడు! ఒక్కడే ఊరి పరువు కాపాడుకుంటూ వచ్చాడన్నమాట.

రెండు, ఫార్మాట్. పాత రోజుల్లో ఒక మ్యాచ్ ఓడినా, ఓడినవాళ్ల వైపు నుంచి గెలుచుకుంటూ ఫైనల్ దాకా రావచ్చు. ఇప్పుడు ఆ రెండో అవకాశం మొదటి రౌండ్లలో మాత్రమే. తర్వాత దశలో ఓడితే సూట్‌కేస్ సర్దుకోవడమే.

మూడు, బ్రేక్. షేన్ బ్రేక్‌కి పెట్టింది పేరు, గంటల తరబడి అదొక్కటే ప్రాక్టీస్ చేసేవాడు. పాత పద్ధతిలో రాక్ ముందున్న 1వ నంబరు బంతి స్పాట్ మీద ఉండేది. బ్రేక్ మీద పట్టున్నవాడు పక్క బంతిని మూల పాకెట్‌లోకి దాదాపు ప్రతిసారీ పంపేవాడు. ఇప్పటి పెద్ద టోర్నమెంట్లలో 9వ బంతిని స్పాట్ మీద పెడుతున్నారు, అంటే మొత్తం రాక్ కాస్త ముందుకి జరిగింది. దాంతో ఆ పక్క బంతి అంత తేలిగ్గా పడదు. పైగా తెల్ల బంతిని ఒక గీసిన పెట్టె లోపల్నుంచే కొట్టాలి. షేన్ బ్రేక్ ఇప్పటికీ గొప్పదే. కానీ మిగతావాళ్లకీ అతనికీ మధ్య ఉన్న తేడా తగ్గింది.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం

ఫోన్‌లో కాలిక్యులేటర్ తీయండి. టైటిల్ కొట్టాలంటే సుమారు తొమ్మిది మ్యాచ్‌లు గెలవాలనుకుందాం. అసలు ఫార్మాట్‌లో మొదట ఒక ఓటమికి చోటుంది, కానీ అర్థం కావడానికి అన్నీ గెలవాల్సిందే అనుకుందాం.

ఒక్కో మ్యాచ్ గెలిచే అవకాశం 90 శాతం ఉంటే, తొమ్మిదీ గెలిచే అవకాశం 39 శాతం. 80 శాతం ఉంటే? చాలా గొప్ప ఆటగాడే కదా. కానీ టైటిల్ అవకాశం 13 శాతమే. 70 శాతానికి వస్తే? కేవలం 4 శాతం.

చూశారా? ఒక్కో మ్యాచ్‌లో చూస్తే 80కీ 70కీ పెద్ద తేడా కనిపించదు. పది మ్యాచ్‌లు ఆడితే ఎనిమిదికి బదులు ఏడు గెలుస్తాడు, అంతే. టీవీలో చూసేవాళ్లకి అదే షేన్, అదే ఆట. కానీ టైటిల్ అవకాశం మూడో వంతుకు పడిపోయింది. అందుకే ఆటగాడు పాడవ్వక్కర్లేదు, చుట్టూ ఉన్నవాళ్లు కొంచెం బాగుపడితే చాలు, ట్రోఫీలు ఆగిపోతాయి. షేన్‌కి జరిగింది ఇదే అని నా అభిప్రాయం.

ఇంకో మెట్టు ముందుకెళ్దాం. అతను ఇంకో ఐదేళ్లు సీరియస్‌గా ఆడతాడనుకోండి. 80 శాతం స్థాయిలో ఉంటే, ఐదేళ్లలో కనీసం ఒక్కసారి గెలిచే అవకాశం దాదాపు సగం. 75 శాతం అయితే మూడో వంతు. 70 అయితే ఐదో వంతు కంటే తక్కువ. ఈ శాతాలు నేను ఉదాహరణకి తీసుకున్నవే, కానీ దారి ఎటుందో ఇవి చెబుతాయి. కుదురుతుంది, కానీ ఏటేటా కష్టమవుతుంది.

మరి ఇంకెవరైనా?

స్ట్రిక్‌లాండ్‌కి ఇంకో రికార్డు ఉందని చెప్పా కదా, మూడు ప్రపంచ నైన్ బాల్ టైటిల్స్. దాని దగ్గర క్యూ ఇంకా పెద్దది. ఔషాన్ 2016, 2021లో గెలిచాడు. బియాడో 2017, 2025లో గెలిచాడు. ఫెడోర్ గోర్స్ట్ 2019లో 19 ఏళ్లకే ఒకటి, 2024లో ఇంకోటి. అందరూ రెండు దగ్గరే ఉన్నారు. గోర్స్ట్ పుట్టింది 2000లో, కాబట్టి ముందు చాలా టైముంది. నన్నడిగితే ఆ మూడు రికార్డు ముందు పడిపోతుంది. యూఎస్ ఓపెన్ ఐదు మాత్రం ఇంకా చాలాకాలం ఉంటుంది, ఎందుకంటే ఇన్ని దేశాల నుంచి ఇంతమంది వస్తున్నప్పుడు ఒకే మనిషి ఆరుసార్లు గెలవాలి.

నా మాట

షేన్ ఆరోది కొడతాడా? సగం కంటే తక్కువ అవకాశం అంటాను నేను. కొడితే మాత్రం, గత ఐదింటినీ కలిపినా ఇదే పెద్ద గెలుపు, ఎందుకంటే ఇది 256 మంది మధ్య, బ్రేక్ సాయం తగ్గిన రూల్స్‌లో, నలభై దాటిన వయసులో వస్తుంది. కొట్టకపోయినా ఐదు, ఐదు అని సమానంగా రాసి వదిలేయకండి. స్ట్రిక్‌లాండ్ 16 ఏళ్ల పాటు పైనే నిలబడ్డాడు. షేన్, ప్రపంచం మొత్తం వచ్చి మీద పడుతున్న టైములో ఐదేళ్లలో నాలుగు కొట్టాడు. రెండూ వేరు వేరు రకాల గొప్పతనం.

మీరేమంటారు? ఒకే టోర్నమెంట్‌ని 16 ఏళ్ల పాటు అప్పుడప్పుడూ గెలవడం గొప్పా, ఐదేళ్లు ఎవరినీ దగ్గరికి రానివ్వకపోవడం గొప్పా? కామెంట్లలో చెప్పండి. ఇంకో ఎపిసోడ్‌లో ఎఫ్రెన్ రేయస్ గురించి వివరంగా మాట్లాడుకుందాం. అప్పటిదాకా ఉంటా మరి, బై.