భుజం అందని దూరం

రేపు మనిషి అంగారకుడి మీద కాపురం పెట్టాక, ఇక్కడ ఊళ్ళో నాన్న పోతే ఏం చేస్తాడు? జవాబు కోసం సైన్సు ఫిక్షన్ చదవక్కర్లేదు. కువైట్‌లో మనవాళ్ళు నలుగురైదుగురు కలిసి అద్దెకుండే గదికి ఒకసారి వెళ్ళి చూడండి.

కడప, రాజంపేట, రాయచోటి, కోనసీమ వైపు నుంచి డ్రైవర్లుగా, ఇళ్ళల్లో పనికి వచ్చినవాళ్ళు వీళ్ళు. ఏ రాత్రో ఫోను వస్తుంది, నాన్న పోయాడని. సెలవు దొరకాలి, టికెట్టు దొరకాలి. అంతసేపు అక్కడ శవాన్ని ఉంచరు. తమ్ముడో, పెదనాన్న కొడుకో తలకొరివి పెడతాడు. ఎవరో సెల్‌ఫోను ఎత్తి పట్టుకుంటే ఇతను వీడియో కాల్లో చూస్తాడు. అన్నీ కనిపిస్తాయి, ఏడుపులన్నీ వినిపిస్తాయి. పాడె మోయాల్సిన భుజం మాత్రం ఇక్కడే ఉండిపోతుంది.

అంతరిక్షంలోనూ ఇలా జరిగింది. 2007 డిసెంబరులో వ్యోమగామి డాన్ తాని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఉండగా, అమెరికాలో ఆయన తల్లి కారును రైలు ఢీకొని ఆమె చనిపోయింది. ఆయన నేలకు దిగింది 2008 ఫిబ్రవరిలో. ఆ కేంద్రం మన నెత్తిన సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. కువైట్ నుంచి కడప దాదాపు 3,500 కిలోమీటర్లు! బయల్దేరే వీల్లేనప్పుడు ఏ దూరమైనా ఒకటే.

అంగారకుడి నుంచైతే వీడియో కాల్ కూడా కుదరదు. మాట చేరడానికే 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. "నాన్న ముఖం ఒక్కసారి చూపించండి" అని అడిగితే, ఆ బొమ్మ తిరిగి చేరేసరికి ముప్పావుగంట కావచ్చు. ఈలోగా పాడె లేచిపోతుంది.

మరి చనిపోయింది అక్కడున్న మనిషే అయితే? 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులుండే భవనం తగలబడింది. రెండు రోజులకు మన వాయుసేన విమానం 45 మంది మృతదేహాలను కొచ్చికి చేర్చింది. వారిలో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వారు. అయినవాళ్ళకు కడచూపైనా దక్కింది. అంగారకుడి నుంచి ప్రయాణమంటే నెలల మాట. అక్కడి ఎర్రమట్టికే అప్పగించాల్సి రావచ్చు.

కువైట్ గదుల్లో అలాంటి రాత్రి, ఇంకో ఊరివాడు, ఇంకో మతంవాడు పక్కన కూర్చుని, తిననన్నా నాలుగు ముద్దలు తినిపిస్తాడు. ఊళ్ళో నలుగురూ చేసే పని ఆ ఒక్కడే చేస్తాడు.

అంగారకుడికి వెళ్ళేవాళ్ళు ఏమేం పట్టుకెళ్ళాలో శాస్త్రవేత్తలు చూసుకుంటారు. ఒంటరిగా మాత్రం ఎవర్నీ పంపొద్దు.