కరవని చెప్పు

చెప్పు మీద అచ్చేసిన నంబరు పాదం పొడవును మాత్రమే చెబుతుంది. మన దుకాణాల్లో ఎక్కువగా నడిచేది బ్రిటిష్ లెక్క. అందులో ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5 మిల్లీమీటర్లు. వెడల్పు ఊసు అందులో లేదు. వేళ్ల మొదళ్ల దగ్గర పాదం ఎంత పరుచుకుంటుంది, పైభాగం ఎంత ఎత్తు, వేళ్లు చాపుకుని ఉన్నాయా ముడుచుకున్నాయా అన్నవి మనిషి మనిషికీ మారతాయి. ఏడో నంబరు వాళ్లందరికీ ఒకే చెప్పు సరిపోకపోవడానికి కారణం ఇదే.

అమెరికాలో వెడల్పును అక్షరాలతో సూచిస్తారు. మగవారికి డి, ఆడవారికి బి మామూలు వెడల్పు. 2ఈ, 4ఈ బాగా వెడల్పైనవి. అక్కడి సిరక్యూస్ నగరానికి చెందిన చార్లెస్ బ్రానక్ 1920లలో తయారుచేసిన లోహపు కొలత పీట పొడవునూ వెడల్పునూ ఒకేసారి చూపిస్తుంది. చెన్నైలోని కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఈమధ్య దేశవ్యాప్తంగా లక్ష మందికి పైగా పాదాలు కొలిచి, మన పాదాలు వెడల్పైనవని గుర్తించి, ‘భా’ పేరుతో సొంత కొలతల పద్ధతిని ప్రతిపాదించింది. ఇది ఎప్పుడో జరగాల్సిన పని.

వెడల్పు పాదాలవారు సాధారణంగా ఒక నంబరు పెద్దది కొంటారు. దాంతో బిగుతు తగ్గుతుంది కానీ బాధ తీరదు. బూటు వంగే చోటు వేళ్ల కీళ్లను దాటి ముందుకు పోతుంది. మడమ జారుతుంది. అడుగు వేసినప్పుడల్లా పాదం ముందుకు దూసుకెళ్లి, రాపిడికి బొబ్బలొస్తాయి. పొడవు పెంచకుండా వెడల్పు పెరిగిన జోడు వెతుక్కోవడమే సరైన దారి.

అందుకు ఇంట్లోనే ఒక కొలత తీసుకోవచ్చు. నడకతో, నిలబడటంతో పాదాలు సాయంత్రానికి కాస్త ఉబ్బుతాయి కాబట్టి కొలవాల్సింది అప్పుడే. కాగితం మీద నిలబడి, పెన్సిలు నిటారుగా పట్టుకుని చుట్టూ గీత గీయించుకోవాలి. కూర్చుని గీస్తే బరువు పడదు, పాదం పరుచుకోదు. రెండు కాళ్లూ గీయాలి, పెద్దదాన్ని బట్టి కొనాలి. బూటు లోపలి అట్టను తీసి ఆ గీత మీద పెడితే గీత ఎక్కడ బయటికి వస్తుందో అక్కడ చెప్పు కరుస్తుంది. అన్నిటికన్నా పొడవైన వేలు ముందు సుమారు సెంటీమీటరు ఖాళీ ఉండాలి. ఆ వేలు కొందరికి బొటనవేలు కాదు, దాని పక్కది.

బొటనవేలి మొదట్లో ఎముక పొడుచుకొచ్చిన వారికి ఆ చోట కుట్లు లేని మెత్తటి తోలు కావాలి. వేళ్లు ముడుచుకుపోయిన వారికి వెడల్పుకన్నా లోతు ముఖ్యం. గోదావరి జిల్లాల్లో బాగా తెలిసిన బోదకాలు ఉన్నవారికి పొద్దుటి కొలత సాయంత్రానికి మారిపోతుంది. సర్దుకునే పట్టీలుండి, గాలి ఆడే చెప్పు తప్ప వారికి ఏదీ పనికిరాదు.

వీరందరికీ చెప్పు కరిస్తే తెలుస్తుంది. షుగరు వల్లనో కుష్ఠు వల్లనో నరాలు దెబ్బతిని స్పర్శ పోయిన పాదానికి అదీ తెలియదు. హాయిగా ఉందా అని ఆ పాదాన్ని అడగడం దండగ. పైగా వదులు చెప్పు కాలికి ఉన్నట్టే అనిపించక, బిగుతుగా ఉన్నదే బాగుందనుకుని కొనేవారు చాలామంది. గంటల తరబడి ఒకేచోట ఒత్తిడి పడితే, అది తక్కువదైనా, అక్కడికి రక్తం అందక కండ చచ్చిపోతుంది. స్పర్శ ఉన్నవారు కాస్త నొప్పి తగలగానే తెలియకుండానే నడక మార్చుకుంటారు. స్పర్శ లేని పాదం వేల అడుగులు అదే చోట మోపుతుంది, చివరికి అక్కడ పుండు పడుతుంది.

ఈ సంగతిని వైద్యలోకానికి బలంగా చాటినవారిలో ముఖ్యుడు పాల్ బ్రాండ్. తమిళనాడులోని కొల్లిమలైలో 1914లో పుట్టిన ఈ బ్రిటిష్ శస్త్రవైద్యుడు 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చారు. కుష్ఠు రోగుల వేళ్లు రోగం తినేయడం వల్ల కాదు, నొప్పి తెలియక పదేపదే తగిలే దెబ్బల వల్ల పోతున్నాయని ఆయన చూపించారు. మందుతో పాటు చెప్పూ చికిత్సేనని తేలింది. అలా వేలూరు, కరిగిరి ఆసుపత్రుల్లో రూపుదిద్దుకున్నవే ఎంసీఆర్ (మైక్రో సెల్యులార్ రబ్బరు) చెప్పులు. లోపలి అట్ట సన్నని గాలి గదులున్న మెత్తటి రబ్బరు, అడుగున ముల్లు దిగని గట్టి రబ్బరు, మడమ వెనక పట్టీ. మేకులు కొట్టరు, ఊడిన మేకు అరికాల్లో దిగినా తెలియదు. వేళ్ల సందులో పట్టుకునే చెప్పు కూడా వద్దు, అది జారిపోయినా తెలియదు కాబట్టి. జాతీయ కుష్ఠు నిర్మూలన కార్యక్రమం కింద అవసరమైనవారికి వీటిని ఉచితంగా ఇస్తారు. షుగరు రోగుల పాదాలకూ ఇదే సూత్రం పనికొస్తోంది.

కొత్త జోడును స్పర్శ లేని పాదానికి మొదటిరోజే పొద్దంతా తొడగకూడదు. గంటో రెండు గంటలో నడిచి, విప్పి, పాదం చూడాలి. ఎరుపు అరగంటలోపు పోకపోతే ఆ జోడు పనికిరాదు. తొడిగే ముందు ప్రతిసారీ లోపల చేయి పెట్టి రాయి, కుట్టు ముడి ఏమైనా ఉందేమో తడిమి చూడాలి. గుమ్మం దగ్గర చెప్పులు విడిచే మన ఇళ్లలో లోపల తిరగడానికి వేరే జత కావాలి. గుడి దగ్గరా చెప్పులు విడుస్తాం కదా, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ప్రదక్షిణలో కాలిన రాతిమీద నడిచి, బొబ్బలు లేచేదాకా తెలియనివారు ఉంటారు.

ఎంసీఆర్ చెప్పులకు ఒకప్పుడు ఒక పెద్ద చిక్కుండేది. అందరి చెప్పుల కన్నా వేరుగా ఉండి, తొడిగినవారి రోగాన్ని ఊరంతటికీ చెప్పేవి. అందుకే చాలామంది వాటిని మూలన పడేశారు. ఇప్పుడు బజారు శాండల్ లాగే కనిపించేలా రంగులతో, పట్టీలతో కుడుతున్నారు. ఎంత మంచి రబ్బరైనా వాడగా వాడగా అణుగుతుంది. బరువు ఎక్కువ పడే చోట అట్ట పల్చబడి, బొటనవేలితో నొక్కితే తిరిగి లేవకపోతే, పైకి చెప్పు చక్కగానే ఉన్నా అట్ట మార్పించాలి.