ల్యాబు రిపోర్టులో ‘ఎస్’, ‘ఆర్’ అంటే ఏమిటి?

“ఆ మాత్ర వేసుకుంటే కొన్నాళ్ళు బాగానే ఉంటుంది డాక్టరమ్మా, మళ్ళీ మొదలు.” దురద, పెరుగు విరిగినట్లు తెల్లబట్ట - ఈ బాధతో మన ఓ.పి.కి వచ్చే సోదరీమణులు తరచు చెప్పే మాట ఇది. సిగ్గుతో ఇంట్లో కూడా చెప్పరు. మెడికల్ షాపు నుండి ఫ్లుకొనజోల్ 150 మి.గ్రా. మాత్ర తెప్పించుకొని వేసుకుంటారు. రెండవసారీ అదే, మూడవసారీ అదే. అటువంటప్పుడు మేము కల్చర్ పరీక్ష వ్రాస్తాము. “రిపోర్టుకు అన్ని రోజులా?” అని విసుగుపడేవారి కోసం ఈ నాలుగు మాటలు.

ఈ వ్యాధికి కారణం కాండిడా అనే ఈస్ట్. బ్రెడ్డును పొంగించే ఈస్ట్‌కు దూరపు చుట్టం. (తెల్లబట్ట అంతా ఈస్ట్ వలన కాదు, అందుకే ముందు మైక్రోస్కోపులో చూస్తారు.) దూదిపుల్లతో తీసిన నమూనాను అగర్ మీద పూస్తారు. అగర్ సముద్రపు నాచు నుండి తీసినది, జున్నులా గడ్డకడుతుంది. ఒకటి రెండు రోజులకు దానిమీద మీగడ చుక్కల్లా ఈస్ట్ పెరుగుతుంది. అప్పుడు అది ఏ జాతో తేల్చాలి. రక్తపు సీరంలో కలిపి 37 డిగ్రీల వద్ద రెండు మూడు గంటలు ఉంచితే, కాండిడా ఆల్బికన్స్ పెసరగింజలా మొలక వేస్తుంది. ఎన్నిసార్లు చూసినా ముచ్చటగానే ఉంటుంది!

ఇక మందు పరీక్ష. నీలిరంగు అగర్ మీద ఈస్ట్‌ను పరచి, 25 మైక్రోగ్రాముల ఫ్లుకొనజోల్ ఉన్న చిన్న కాగితపు బిళ్ళ పెట్టి, 35 డిగ్రీల వద్ద ఒక రోజు ఉంచుతారు. మందు పనిచేస్తే బిళ్ళ చుట్టూ ఈస్ట్ పెరగని గుండ్రని ఖాళీ ఏర్పడుతుంది. దానిని స్కేలుతో కొలుస్తారు. ఆల్బికన్స్‌కు 17 మి.మీ. గాని ఎక్కువ గాని ఉంటే ‘ఎస్’, అంటే మందుకు లొంగుతుంది. 13 గాని తక్కువ గాని అయితే ‘ఆర్’, లొంగదు. మధ్యలో ఉంటే ‘ఎస్.డి.డి.’, మోతాదు పెంచితే లొంగవచ్చు. గ్లబ్రాటా అనే జాతికి ఈ మందు విషయంలో ‘ఎస్’ అనే అక్షరమే లేదు. క్రూసై జాతి పుట్టుకతోనే ఫ్లుకొనజోల్‌కు లొంగదు. వేసుకున్న మాత్రలన్నీ ఎందుకు వృధా అయ్యాయో కొందరికి ఇక్కడే తెలుస్తుంది.

మరి ‘ఎస్’ వచ్చినా తగ్గదేం? రెక్స్, ఫాలర్ అనే నిపుణులు 2002లో ‘90-60’ లెక్క చెప్పారు: ‘ఎస్’ వచ్చినవారిలో నూటికి సుమారు 90 మందికి, ‘ఆర్’ వచ్చినవారిలో కూడా సుమారు 60 మందికి తగ్గుతుంది. పళ్ళెంలో ఉండేది ఈస్ట్, మందు మాత్రమే. మనిషిలో అదుపు తప్పిన షుగరు ఉంటుంది, వాడిన యాంటీబయాటిక్, స్టెరాయిడ్ ఉంటాయి. తగ్గనివారికి మేము షుగరు పరీక్ష వ్రాసేది అందుకే.

పరీక్షకు వచ్చేముందు మాత్రలు, క్రీములు వాడవద్దు. వాడి ఉంటే ఆ అట్ట, ట్యూబు వెంట తెండి. గర్భిణీ స్త్రీలు, వార్ఫరిన్ గాని షుగరుకు గ్లిమెపిరైడ్ గాని వాడేవారు డాక్టరును అడగకుండా ఫ్లుకొనజోల్ వేసుకోకూడదు. నమూనా తీసేది సిస్టరమ్మే, తెర చాటున. రెండు నిమిషాల పని.