అంతరిక్షంలో షుగర్ మిషన్ పనిచేస్తుందా? బరువు లేని చోట వైద్య పరికరాల పరీక్ష

గంగవరం: మన ఊరి ఆస్పత్రిలో సెలైన్ బాటిల్‌ను స్టాండ్‌కు ఎత్తులో తగిలిస్తారు. నీళ్లు కిందికి దిగేది భూమి లాగడం వల్లే. మరి బరువే తెలియని చోట ఆ బాటిల్ ఏం చేస్తుంది? ద్రవం దిగదు. లోపలి గాలి బుడగలు పైకి తేలకుండా ద్రవంలోనే చెల్లాచెదురుగా ఉండిపోతాయి. సిరంజిలో మందు ఎక్కించడం కూడా కష్టమే. అందుకే అంతరిక్షానికి పంపే ప్రతి వైద్య పరికరాన్నీ ముందు పరీక్షించాల్సి ఉంటుంది.

ఎలా పరీక్షిస్తారు?

మొదటి పద్ధతి విమానం. అది వేగంగా పైకి లేచి, విల్లులా వంగి కిందికి వస్తుంది. ఆ మధ్యలో సుమారు 20 సెకన్లు లోపలివాళ్లు తేలుతారు. యూరప్‌లో ఇందుకు వాడే ఎయిర్‌బస్ ఏ310 ఒక ట్రిప్పులో 31 సార్లు ఇలా చేస్తుంది. ఆ కొద్ది సెకన్లలోనే పరికరాన్ని చూసుకోవాలి. రోజుల తరబడి చూడాలంటే మాత్రం అంతరిక్ష కేంద్రానికి పంపాల్సిందే.

అబుదాబి ప్రయోగం

2025 జూన్ 25న భారత వ్యోమగామి శుభాంశు శుక్లా వెళ్లిన యాక్సియమ్-4 యాత్రలో షుగర్ వ్యాధికి సంబంధించిన ప్రయోగం ఒకటి ఉంది. పేరు సూట్ రైడ్. అబుదాబికి చెందిన బుర్జీల్ హోల్డింగ్స్ దీన్ని యాక్సియమ్‌తో కలిసి చేపట్టింది. చర్మానికి అతికించి నిరంతరం షుగర్ చూపే సెన్సర్‌లు, ఇన్సులిన్ పెన్‌లు పంపారు. కొన్ని పెన్‌లు చల్లగా, కొన్ని మామూలు వేడిలో ఉంచి మందు చెడిందా అని చూడటం ఉద్దేశం. యాత్ర జూలై 15న ముగిసింది.

ఇంతవరకు ఇన్సులిన్ తీసుకునే వ్యక్తికి నాసా అంతరిక్ష యాత్రకు అనుమతి ఇవ్వలేదు. ఆ తలుపు తెరవాలంటే ముందు పరికరం నమ్మకమైనదని తేలాలి.

మనకేం లాభం?

అంతరిక్ష కేంద్రంలో ఒక వ్యోమగామి మెడ నరంలో రక్తం గడ్డ కట్టినట్టు అల్ట్రాసౌండ్‌లో బయటపడింది. భూమ్మీది డాక్టర్లు చెబుతుంటే అక్కడే స్కాన్ తీశారు, ఇంజెక్షన్‌లతో వైద్యం చేశారు. 2020లో ఈ కేసు వైద్య పత్రికలో వచ్చింది.

డాక్టర్ దూరంగా ఉన్నా, ఫ్రిజ్ లేకున్నా, కరెంటు పోయినా పనిచేసే పరికరం కావాలన్నది అంతరిక్షం అడిగే ప్రశ్న. కుప్పం, పుంగనూరు పల్లెల్లో ఇన్సులిన్ దాచుకునే ఇంటి ప్రశ్న కూడా అదే.