బీటవారిన కటకం, తిరగబడిన దోమతెర

సూక్ష్మదర్శిని అనగానే విద్యార్థికి తలపునకు వచ్చేది ప్రయోగశాల బీరువాలో మెరిసే పరికరం. 1897లో సికింద్రాబాదు చెంత బేగంపేట సైనిక వైద్యశాలలో రొనాల్డ్ రాస్ ఉపయోగించినది అట్టిది కాదు. నుదుటి చెమటకు, చేతుల చెమటకు దాని మరలు తుప్పుపట్టాయి. కంటి దగ్గర అమర్చే కటకాలలో మిగిలింది ఒక్కటే, అదీ బీటవారింది. ఆ బీటలోనుంచే ఆయన చూశాడు.

తక్కిన సామగ్రి ఇంట దొరికేదే. డింభకాలను సీసాలలో పెంచి, రెక్కలు వచ్చాక మలేరియా రోగి పడుకొన్న దోమతెరలోకి వదిలేవాడు. దోమలను బయట ఉంచవలసిన తెర వాటిని లోపల నిలిపే పంజరమైంది! హుస్సేన్ ఖాన్ అనే రోగికి కుట్టిన దోమకు అణా చొప్పున పది అణాలు ముట్టాయి. అది న్యాయమైన వెలేనా అని నేడు అడగవలసిందే.

ఉక్కలోనూ పంకా లాగించలేదు. ఆ గాలికి కోసిన దోమ ఎగిరిపోతుంది. ఆగస్టు 20న, రక్తం త్రాగి నాలుగు రోజులైన మచ్చరెక్కల దోమ పొట్టగోడలో నల్లని రేణువులు గల కణాలు కనిపించాయి. అవి మలేరియా క్రిమిలో ఉండే రేణువుల వంటివే. మరునాడు కోసిన దోమలో ఆ కణాలు మరింత పెద్దవి. పగిలిన కటకం కల్పించిన భ్రమ అయితే అలా రోజురోజుకూ ఎదగదు గదా!

త్వరలోనే రాస్‌కు బదిలీ అయింది. మిగిలిన పరిశోధనను 1898లో కలకత్తాలో, పక్షుల మలేరియా మీద పూర్తిచేశాడు. 1902లో నోబెల్ బహుమతి లభించింది. బేగంపేటలోని ఆ భవనం నేడు ఆయన పేరనే ఉన్నది.